తువ్వాలు ఆరని ఇల్లు

ఇల్లు చూడటానికి వెళ్లేవాళ్లు కొందరు కొలిచే టేపు పట్టుకెళ్తారు. కొందరు నాలుగు కాగితాలు చదవగలిగిన బావమరిదిని వెంటబెట్టుకెళ్తారు. లిఫ్టాయన భార్య మాత్రం తడి తువ్వాలు పట్టుకెళ్లింది. నీళ్లు కారకుండా గట్టిగా పిండి, రెండు మడతలు వేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మరీ తీసుకెళ్లింది. దానికి తోడు ఒక నైలాను తాడు, నాలుగు క్లిప్పులు.

"మనం ఇల్లు కొనడానికి వెళ్తున్నామా, బట్టలు ఉతకడానికా?" అని బస్సులో అడిగాడు లిఫ్టాయన.

"మీరు ఇల్లు చూడండి. నేను ఎండని చూస్తాను," అంది ఆవిడ, సంచి ఒళ్లో సర్దుకుంటూ.

ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడు కనుక ఆయన లిఫ్టాయన. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. ఆవిడ వాళ్లుండే వీధిలోనే ఇరవై ఎనిమిదేళ్లు లాండ్రీ నడిపింది కనుక అందరికీ లాండ్రీ అక్క. ఆయన పదవీ విరమణ చేసిన నెలలోనే ఆవిడ కూడా కొట్టు వేరేవాళ్లకు అప్పగించేసింది. కూతురికి పెళ్లయింది, ఉద్యోగముంది, ఫోన్లో సలహాలు ఇచ్చేంత తీరిక కూడా ఉంది. ఇక వీళ్లిద్దరికీ మిగిలింది ఒకే ఒక పని, ఇల్లు కొనుక్కోవడం. అదీ జీవితంలో ఒక్కసారే చేయగలిగిన పని. తప్పు చేస్తే దిద్దుకోవడానికి రెండో ఇల్లు ఉండదు.

ఎక్కడ కొనాలన్నది లిఫ్టాయనే తేల్చాడు. చుట్టూ కొండలు, మధ్యలో సరస్సు, ఒడ్డున ఒక చిన్న ఊరు. ఎందుకని అడిగితే, గాలి బాగుంటుందట అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు చెవి గోక్కున్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన చెవి గోక్కుంటాడని ఆవిడకు తెలుసు, ఆవిడకు తెలుసన్న సంగతి ఆయనకు తెలియదు.

అసలు కారణం ఒక క్యాలెండరు.

లాండ్రీ పెట్టిన కొత్తలో సబ్బు పొడి అమ్మే ఏజెంటు ఇచ్చిన క్యాలెండరు అది. పైన బొమ్మ, కింద నెలలు. బొమ్మలో నీలంగా ఒక సరస్సు, వెనక కొండలు, ఒడ్డున బాల్కనీ ఉన్న తెల్లటి ఇల్లు. ఆ ఏడాది అయిపోయింది, నెలల కాగితాలు చిరిగిపోయాయి, బొమ్మ మాత్రం ఇస్త్రీ బల్ల ఎదుటి గోడకు అలాగే ఉండిపోయింది. ఆయన సాయంత్రం పని ముగించుకుని కొట్టుకు వచ్చేసరికి ఆవిడ చేతులు చొక్కా మీద ఉండేవి, చూపు క్యాలెండరు మీద ఉండేది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, వచ్చినప్పుడల్లా అంతే.

ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. లిఫ్టు నడిచే ఇరుకు సందులో, తాళ్ల మధ్య, టార్చిలైటు నోట్లో పెట్టుకుని బోల్టులు బిగిస్తూ ఆ బొమ్మ గురించి ఆలోచించేవాడు. ఎప్పటికైనా దీనికి ఆ ఇల్లు కొనివ్వాలి అనుకునేవాడు. ముందే చెబితే "నాకెందుకండీ" అంటుంది. కాబట్టి చెప్పకూడదు. తీసుకెళ్లి బాల్కనీలో నిలబెట్టాలి, అంతే. చీకట్లో పనిచేసే మనిషికి ఇలాంటి ఊహలు ఎక్కువ.

బస్టాండులో వాళ్లకోసం ఇళ్ల బ్రోకరు కాచుకుని ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకున్న హుషారైన మనిషి. "సార్, మేడమ్, ముందు మీకు వ్యూ చూపిస్తాను," అన్నాడు. కారెక్కాక వ్యూ అన్నాడు, మలుపు తిరిగాక వ్యూ అన్నాడు, తాళం తీస్తూ కూడా వ్యూ అన్నాడు. రెండో మెట్టు ఎక్కేలోపే లిఫ్టాయన మనసులో అతనికి వ్యూ బాబు అని నామకరణం చేసేశాడు.

కానీ బాల్కనీ తలుపు తెరవగానే ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. అదే సరస్సు. కొండలు అటూ ఇటూ కాస్త మారి ఉండొచ్చు గానీ నీలం అదే, నిశ్శబ్దం అదే. బాల్కనీ పొడుగ్గా, ఇద్దరు కుర్చీలు వేసుకుని కాళ్లు చాపుకునేంత వెడల్పుగా ఉంది. ఆయన తిరిగి భార్య ముఖం చూశాడు.

ఆవిడ ముఖం బాల్కనీ పైకప్పు వైపు ఉంది. "కొక్కేలు ఉన్నాయా? ఆఁ, ఉన్నాయి," అంటూ తాడు కట్టేసింది. తువ్వాలు దులిపి ఆరేసింది, నాలుగు క్లిప్పులూ పెట్టింది, టైము చూసింది. "పది గంటలు," అంది, పరీక్ష హాల్లో టీచరు కాగితాలు పంచినట్టు.

"మేడమ్, అది..." అని నసిగాడు వ్యూ బాబు.

"ఇది ఎంతసేపట్లో ఆరుతుందో చూద్దాం బాబూ. ఇంట్లో ఎండ ఎంత, గాలి ఎంత, చెమ్మ ఎంత, అన్నీ ఇదే చెబుతుంది. మీరు చెప్పక్కర్లేదు."

వ్యూ బాబు పన్నెండేళ్లుగా ఇళ్లు చూపిస్తున్నాడు. వంటిల్లు ఏ దిక్కున ఉందని అడిగినవాళ్లను చూశాడు, పక్కింట్లో కుక్క ఉందా అని అడిగినవాళ్లను చూశాడు. తువ్వాలుతో వచ్చినావిడను చూడటం ఇదే మొదలు. తెల్లమొహం వేసుకుని కుర్చీ లాక్కున్నాడు.

ముగ్గురూ కూర్చుని తువ్వాలు ఆరడం చూశారు. పదిన్నరకు సరస్సు మీద పొగమంచు పూర్తిగా విడిపోయింది. ఎండ వచ్చింది. లిఫ్టాయనకు ప్రాణం లేచొచ్చింది. పన్నెండున్నరకు సూర్యుడు ఇంటిమీదుగా వెనక్కి జారాడు, తర్వాత అక్కడున్న కొండ చాటుకు పోయాడు, ఆ రోజుకు ఇక ఆ బాల్కనీ ముఖం చూడలేదు. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ లేచి తువ్వాలు అంచు వేళ్ల మధ్య నలిపింది.

"తడి."

ఐదింటికి మళ్లీ నలిపింది. "తడే."

"కానీ మేడమ్, వ్యూ..."

"వ్యూ బాగుంది బాబూ. తువ్వాలు బాగాలేదు."

రెండో ఇల్లు అవతలి గట్టున, లోపలి వీధిలో. మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్లారు. ముందు మూడంతస్తుల ఇల్లొకటి అడ్డంగా నిలబడి సరస్సు మొత్తాన్నీ మింగేసింది. కిటికీలోంచి చూస్తే పక్కింటి గోడ, ఆ గోడ మీద ఒక పైపు. కానీ పెరట్లో ఎండ విరగ్గాస్తోంది. తువ్వాలు గంటంబావులో అప్పడంలా అయింది. ఆవిడ దాన్ని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. పెళ్లిచూపుల్లో కూడా ఈవిడ ముఖం ఇంత వెలగలేదు అనుకున్నాడు లిఫ్టాయన.

వ్యూ బాబు మాత్రం ఓడిపోదలుచుకోలేదు. "ఇక్కడ కూడా వ్యూ ఉంది సార్," అని ఆయన్ని బాత్రూములోకి తీసుకెళ్లి ముక్కాలిపీట ఎక్కించాడు. వెంటిలేటరులోంచి మెడ సాచి చూస్తే, రెండు నీళ్ల ట్యాంకుల మధ్య జేబురుమాలంత సరస్సు కనబడింది.

"ఇదే తీసుకుందాం," అంది ఆవిడ, ఆయన బయటకు రాగానే.

లిఫ్టాయన గతుక్కుమన్నాడు. ఇన్నేళ్లు మోసిన కోరిక బాత్రూములో ముక్కాలిపీట మీద ముగిసిపోతే ఎలా? చెవి గోక్కున్నాడు. "మొన్న... అదే, నిన్న ఆ ఇంట్లో అస్సలు గాలి లేదు. ఒక్క రోజు చూసి తీర్పు చెప్పేస్తావా? ఉద్యోగానికి వచ్చినవాడినైనా రెండోసారి పిలుస్తారు."

ఆవిడ ఆయన్నీ, ఆయన చెవినీ చూసింది. "సరే, రేపు ఇంకో అవకాశం ఇద్దాం పాపం," అంది.

మూడో రోజు మళ్లీ సరస్సు ఇల్లు, మళ్లీ పది గంటలు, మళ్లీ తువ్వాలు. పదకొండింటికి ఆవిడ నీళ్ల ట్యాంకు, మోటారు, కింది పైపులు చూస్తానంటూ వ్యూ బాబును వెంటబెట్టుకుని కిందికి దిగింది. "మీరు తువ్వాలుకు కాపలా ఉండండి," అని ఆయనతో చెప్పింది.

దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టయింది.

పాత యజమాని సామాను కొంత ఆ ఇంట్లోనే వదిలేసి వెళ్లాడు. అలమరలో ఇస్త్రీ పెట్టె ఉందని లిఫ్టాయన మొదటి రోజే చూసి పెట్టుకున్నాడు. అప్పుడు ఏ దురుద్దేశమూ లేదని ఆయన తర్వాత ప్రమాణం చేశాడు గానీ ఎవరూ నమ్మలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు తగ్గగానే తువ్వాలు లాగాడు. భోజనాల బల్ల మీద దుప్పటి మడిచి పరిచాడు, పెట్టె వేడెక్కించాడు, మొదలుపెట్టాడు. ఆయనకు ఇస్త్రీ బాగానే వచ్చు. సాయంత్రాలు కొట్లో ఖాళీగా కూర్చోకూడదని ఆవిడే నేర్పింది. ముందు మూలలు, తర్వాత అంచులు, చివర మధ్య భాగం. మూల సరిగ్గా తీస్తే మిగతాదంతా దానంతటదే వస్తుందని చెప్పి చెప్పి చెవులు చిల్లులు పడేలా నేర్పింది.

తువ్వాలు మీద ఆవిరి లేచింది. కిటికీ అద్దాలు మసకబారాయి. ఆయన ఒక చేత్తో ఇస్త్రీ చేస్తూ, రెండో చేత్తో పాత పేపరు ఊపుతూ, ఒక కన్ను గుమ్మం మీద పెట్టి, అరవై ఏళ్ల వయసులో పరీక్షలో కాపీ కొట్టే కుర్రాడిలా చెమటలు కక్కాడు. మధ్య భాగం ఇంకా పూర్తి కాలేదు, మెట్ల మీద వ్యూ బాబు గొంతు వినబడింది. పెట్టె అలమరలోకి, దుప్పటి మంచం కిందికి, తువ్వాలు దండెం మీదికి. దండెం మీద వేశాక అణిగిపోయిన నూలును రెండు అరచేతులతో రేపాడు. తర్వాత కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుని సరస్సును చూడసాగాడు.

వ్యూ బాబే ముందు తువ్వాలు ముట్టుకున్నాడు. ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "మేడమ్! ఆరిపోయింది! నేను చెప్పలేదూ? వ్యూ ఒక్కటే కాదు, ఎండ కూడా ఉంది!"

ఆవిడ తొందరపడలేదు. క్లిప్పులు ఒక్కొక్కటే తీసింది. తువ్వాలు చేతిలోకి తీసుకుని ముందు మూల పట్టుకుంది, తర్వాత అంచు పొడుగునా వేళ్లు నడిపించింది, చివరగా మధ్యలో అరచెయ్యి ఆనించింది. వాసన చూసింది. లిఫ్టాయన సరస్సు మీద పడవ ఏదో ఉన్నట్టు దీక్షగా చూస్తున్నాడు. పడవేమీ లేదు.

"బాబూ," అంది ఆవిడ, "ఆ మోటారు ఇందాక ఏదో చప్పుడు చేసినట్టనిపించింది. ఇంకోసారి చూసి రా."

వ్యూ బాబు ఇద్దరి ముఖాలూ చూశాడు. ఇళ్లు అమ్మేవాడికి ఎప్పుడు తప్పుకోవాలో తెలుస్తుంది. దిగిపోయాడు.

"ఎండలో ఆరిన తువ్వాలుకు మధ్య భాగం ముందు ఆరుతుంది," అంది ఆవిడ, పాఠం చెప్తున్నట్టు నెమ్మదిగా. "అంచు మందంగా కుట్టి ఉంటుంది కనుక చివర ఆరుతుంది. దీనికి మూలలు పెనంలా కాలిపోతున్నాయి, మధ్యలో ఇంకా చెమ్మ ఉంది. సూర్యుడు ముందు మూలలు తీసి, తర్వాత అంచులు తీసి, మధ్యకొచ్చేసరికి మెట్ల మీద అడుగులు విని పారిపోయాడా?"

లిఫ్టాయన చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇరవై ఎనిమిదేళ్లు ఊరందరి బట్టలూ ఈ చేతులతో ఆరబెట్టాను. ఇస్త్రీ పెట్టె ఏదో, ఎండ ఏదో నాకు తెలియదనుకున్నారా? పోయి పోయి నన్ను తువ్వాలుతో మోసం చేయాలనుకుంటారా?" ఆవిడ గొంతులో కోపం ఉంది, కోపం కింద నవ్వు కూడా ఉంది. ఆయనకు మాత్రం కోపమే వినబడింది.

"నీకోసమేనే," అన్నాడు. ఇక దాచి లాభం లేదని మొత్తం కక్కేశాడు. క్యాలెండరు, ఇస్త్రీ బల్ల, ఆవిడ చూపు, లిఫ్టు సందులో తను కన్న కలలు. "నువ్వు నోరు తెరిచి ఏదీ అడగవు. ఆ ఒక్క బొమ్మనే చూసేదానివి. అందుకే ఈ ఊరు, అందుకే ఈ ఇల్లు. నువ్వేమో వచ్చినప్పటి నుంచీ ఆ నీళ్లవైపు కన్నెత్తి చూస్తే ఒట్టు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "అయ్యో నా పిచ్చి మనిషీ! ఆ గోడకు చెమ్మ పట్టిందండీ. పై వాటా వాళ్ల పైపు కారేది, మరక నా ఇస్త్రీ బల్ల దాకా పాకేది. వచ్చేవాళ్లకు కనబడకూడదని దానిమీద క్యాలెండరు తగిలించాను. ఉతికిన బట్టల కొట్లో గోడకు మరక ఉంటే ఏం బాగుంటుంది? ఈరోజు ఎంతవరకు పాకిందా అని చూసుకునేదాన్ని. అంతే!"

లిఫ్టాయనకు నవ్వు రాలేదు. చీకటి సందులో నోట్లో టార్చి పెట్టుకుని కూడబెట్టుకున్న ఆలోచన అంతా ఒక చెమ్మ మరక కోసమా? ఆయనకు నిజంగా బాధేసింది. రైలింగు పట్టుకుని నిలబడిపోయాడు. కింద ఒడ్డున ఎవరో రాళ్లు విసురుతున్నారు.

బోల్టు ఒకటి బిగిసినట్టు ఏదో గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాడు.

"ఆ పైపు నేనే బాగుచేశాను."

ఆవిడ నవ్వు ఆగింది.

"మూడో ఏట. బిల్డింగు ఓనరే చేయించాలి, మీరు ముట్టుకోవద్దు అని నువ్వు పంతం పట్టావు కదా. నీకు తెలియకుండా ఒక ఆదివారం వెళ్లి జాయింటు మార్చేశాను. ఆ వేసవికే గోడ ఎండిపోయింది. ఆ తర్వాత పాతికేళ్లు అక్కడ చెమ్మే లేదు." ఆయన దగ్గరికొచ్చాడు. "మరి నువ్వు ఏం చూశావు?"

ఆవిడ తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఒక మడత వేసింది, విప్పింది, మళ్లీ వేసింది.

"నాకు తెలుసు," అంది చివరికి. "మీ పానా పైవాళ్ల గుమ్మం దగ్గర మరిచిపోయి వచ్చారు. నేనే తెచ్చి మీ పనిముట్ల సంచిలో పెట్టాను."

"తెలిస్తే క్యాలెండరు తీసేయొచ్చుగా?"

"మేకు ఊరికే ఉండటం ఎందుకని."

ఈసారి ఆవిడే ముఖం పక్కకు తిప్పుకుంది. అటు సరస్సు ఉంది.

"ఒంటి మీదేమో ఆవిరి, ఎదురుగా నీళ్లు," అంది, నీళ్లవైపు చూస్తూనే. "ఒక్క చొక్కా అయ్యేంతసేపు అక్కడికి పోయి వచ్చేదాన్ని. ఆ తెల్లటి ఇంటి బాల్కనీలో కూర్చునేదాన్ని. తర్వాత ఇంకో చొక్కా ఉండేది."

"ఒక్కసారైనా చెప్పొచ్చు కదే."

"చెబితే మీరు ఊరుకునేవారా? ఇంకో రెండు బిల్డింగులు ఒప్పుకుని ఆ చీకట్లో ఇంకో రెండు గంటలు వేలాడేవారు. అలాంటి సరస్సు నాకొద్దు అనుకున్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇక్కడికి వచ్చాక అటు చూడలేదంటే, చూస్తే మనసు ఆగదని. ఇద్దరిలో ఒకరైనా బుర్రతో ఇల్లు కొనాలిగా. మీరేమో బస్సు దిగగానే మీ బుర్ర తీసి ఆ నీళ్లలో పారేశారు."

లిఫ్టాయన దగ్గి, కుర్చీ సర్దాడు. ఎన్ని వందల లిఫ్టులు ఎక్కించి దించినా, ఈ మనిషి లోపల ఏ అంతస్తులో ఏముందో తనకు ఇవాళ్టిదాకా తెలియలేదు.

ఆవిడ లోపలికి వెళ్లింది. ఒక్కో గదిలో గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. అలమర వెనక వేళ్లు పెట్టి చూసింది. మంచం కింద దుప్పటి దొరికితే దాన్ని తీసి, ఆయనవైపు ఒక చూపు చూసి, బల్ల మీద పెట్టింది. "గోడలకు చెమ్మ లేదు. ఎండే తక్కువ," అని తనలో తాను అనుకుంది. తర్వాత పంపు కింద తువ్వాలు పూర్తిగా తడిపి, పిండి, బాల్కనీలోకి తెచ్చి మళ్లీ ఆరేసింది.

"మళ్లీ ఎందుకే?"

"నిజంగా ఎంతసేపు పడుతుందో తెలియాలిగా."

అప్పటికే వ్యూ బాబు గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో చెప్పలేం. తువ్వాలునుంచి కారుతున్న నీళ్లు చూసి అతని ముఖం వాడిపోయింది. టైము పన్నెండుంబావు. ఇంకో పావుగంటలో ఎండ ఇంటి వెనక్కి పోతుంది.

"మేడమ్, నిజం చెప్తున్నాను," అన్నాడు. ఈ పనిలో దిగాక బహుశా మొదటిసారి వ్యూ మాట ఎత్తకుండా మాట్లాడాడు. "ఇప్పుడు వేస్తే ఇది ఇవాళ ఆరదు."

"ఇవాళ ఆరకపోతే రేపు ఆరుతుంది. రేపు కాకపోతే ఎల్లుండి," అంది ఆవిడ, కుర్చీ రైలింగు దగ్గరికి లాక్కుంటూ. "ఇరవై ఎనిమిదేళ్లు ఊరందరి బట్టలూ సాయంత్రానికల్లా ఇవ్వాలని పరిగెత్తాను. ఈ తువ్వాలు కోసం ఎవరూ రారు బాబూ. కాగితాలు సిద్ధం చెయ్యి."

వ్యూ బాబు నమ్మలేక లిఫ్టాయన వైపు చూశాడు. లిఫ్టాయన కళ్లు తుడుచుకునే పనిలో ఉన్నాడు.

"ఇంకో మాట," అంది ఆవిడ. సరస్సు మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచి పక్క కుర్చీ తట్టింది, వచ్చి కూర్చోమన్నట్టు. "ఈ ఇంట్లో ఇస్త్రీ పని మాత్రం మీదే. మూలలు బాగా తీశారు."